తగినంత

బోరా గాలి త్రియెస్తె వీధుల్ని ఊడ్చేస్తున్న ఉదయం
నెవెంకా కోసిర్ ఆ పుస్తకాన్ని
దిండుగలీబులో చుట్టి తెచ్చింది.
బల్ల మీద పెట్టగానే తనే తెరుచుకుంది
డెబ్బై రెండో పేజీలో,
పుటీట్సా అనే అక్రోటు రొట్టె దగ్గర.
ఎప్పుడూ అక్కడే తెరుచుకుంటుందట.

కుట్టు తెగింది. వెన్ను విరిగింది.
ఇనుము కలిపిన మాచికాయ సిరా
నూట పదేళ్ళుగా
తను రాసిన అక్షరాల్నే తను తింటూ వస్తోంది.
పిండి కొలత ఉంది, వెన్న కొలత ఉంది,
ఈస్టు అన్న మాట పక్కన
గోరంత కన్నం.

"అద్దాల పెట్టెలో పెట్టుకోడానికి కాదు,"
అంది నెవెంకా, కోటు కూడా విప్పకుండా.
"ఈస్టరుకి ముందు వారం
ఇది మా పిండిబల్ల మీద ఉండాలి.
తడిచేతులతోనే తిప్పుతాం, ముందే చెప్తున్నా."

ముప్ఫయ్యేళ్ళుగా తడిచేతుల నుంచి
పుస్తకాల్ని కాపాడుతున్నదాన్ని నేను.
సరే అన్నాను.
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కుట్లు విప్పి మడతలు విడదీస్తుంటే
లోపలి లోయల్లో గసగసాలు,
ఒక తెల్ల వెంట్రుక,
సగం ట్రాము టికెట్టు.
మొదటి చేతిరాత జర్మన్, కోణాలు కోణాలుగా,
ఎవరింట్లోనో వంటకి కుదిరిన పిల్లది.
దాని కింద పెన్సిలుతో స్లొవీన్,
వీధిలో ఆ భాష ఎత్తకూడని రోజుల్లో
వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడినది.
ఆ తర్వాత బాల్‌పెన్ను, ఇటాలియన్, తొందర.
మూడు చేతులూ ఉప్పు దగ్గరికి వచ్చేసరికి
ఒకటే మాట రాశాయి:
తగినంత.
ఎవరి నాలుకకి?

గోధుమ గంజి కాచాను.
సన్నసెగ మీద, ఉండ కట్టకుండా,
చెక్కగరిటె ఆపకుండా తిప్పుతూ,
పాలలా ఉన్నది అద్దంలా తేరేదాకా.
జిగురు కాస్తున్నాననే అనుకున్నాను ఇన్నేళ్ళూ.
ఉల్లిపొరంత జపాన్ కాగితాన్ని
కత్తెర పెట్టకుండా చేత్తో చింపి,
దాని పోగులు చిరుగు పోగుల్ని పట్టుకునేలా
కుంచెతో అద్దాను.

మరకలు తియ్యొద్దంది నెవెంకా.
"అవి పోతే మాకు పేజీ ఎలా దొరుకుతుంది?"
వెన్న మరకల్ని వదిలేశాను.
ఒక్క కాఫీ మరక మాత్రం, గుండ్రంగా, మొండిగా,
చెయ్యి ఊరుకోక తీసేశాను.
వచ్చీరాగానే అక్కడే వేలు పెట్టింది:
"ఇక్కడ మా మామయ్య కప్పు ఉండేది."
నా దగ్గర జవాబు లేదు.
ఇప్పటికీ లేదు.

ఇక కన్నం.
ఒపిచీనా వృద్ధాశ్రమంలో పెప్కా పెద్దమ్మ దగ్గరికి
తాజా ఈస్టు ముద్ద పట్టుకెళ్ళింది నెవెంకా.
పెద్దమ్మకి కొలత గుర్తులేదు,
నెవెంకా పేరూ గుర్తులేదు.
ముద్ద చేతిలో పెడితే మాత్రం
చూడకుండా విరిచి, ఒక ముక్క ఇచ్చి,
మిగతాది కాగితంలో చుట్టి
దిండు కింద దాచుకుంది.
త్రాసు మీద ముప్ఫై ఎనిమిది గ్రాములు.
మర్నాడు మళ్ళీ విరిపిస్తే
నలభై నాలుగు.

కన్నం వెనక కాగితం అతికాను గానీ
అందులో ఏమీ రాయలేదు.
ఎదురుగా ఒక ఖాళీ పేజీ కలిపి కుట్టాను.
దాని మీద నెవెంకా రాసుకుంది:
"ముప్ఫై ఎనిమిది. లేదా నలభై నాలుగు.
పెప్కా చెయ్యి."

ఈస్టరు వెళ్ళిన మంగళవారం
పుస్తకమూ వచ్చింది, రెండు రొట్టె ముక్కలూ వచ్చాయి.
నేను వేసిన తెల్లటి కాగితం మీద
అప్పుడే ఒక బొటనవేలు, వెన్నతో,
గీతలన్నీ లెక్కపెట్టొచ్చు.
స్పాంజి దాకా వెళ్ళిన చేతిని
వెనక్కి పిలుచుకున్నాను.

రొట్టె తిన్నాం.
ఉప్పు కాస్త తగ్గింది. నేను చెప్పలేదు.
నెవెంకా రెండో ముద్ద నములుతూ ఆగి,
కిటికీ వైపు చూసి,
నా పెన్సిలు అడిగింది.